పిట్స్‌బర్గ్ కార్నెగీ గ్రంథాలయం: ఉచితంగా అందే సేవ, దాని వెనుక ఖర్చు

పిట్స్‌బర్గ్ వచ్చే తెలుగువారిలో చాలామంది పెన్‌హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి ఆలయానికి వెళ్లి, దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, అటునుంచి అటే తిరుగు ప్రయాణమవుతారు. ఆ ఊళ్లో మరో పూట ఉండే వీలున్నవారికి, ముఖ్యంగా ఉద్యోగరీత్యా అక్కడ కాపురం పెట్టబోతున్నవారికి, ఓక్లండ్ ప్రాంతంలోని కార్నెగీ గ్రంథాలయం గురించి చెప్పవలసింది చాలా ఉంది. 1895లో ప్రారంభమైన ఈ ప్రధాన గ్రంథాలయమూ దాని శాఖలూ ఈనాటికీ అందిస్తున్న సేవను వినియోగదారు కళ్లతో చూసి విలువ కట్టడం ఈ సమీక్ష ఉద్దేశం. అయితే ఈ సేవను దాని దాత జీవితం నుంచి విడదీసి చూడటం సాధ్యం కాదు. పన్నెండేళ్ల వయసులో స్కాట్లండ్ నుంచి అమెరికాకు వలస వచ్చిన ఆండ్రూ కార్నెగీ ఉక్కు పరిశ్రమాధిపతిగా ఎదిగి, సంపాదించిన దానిలో అత్యధిక భాగాన్ని బతికుండగానే పంచిపెట్టిన కథ చాలామంది విన్నదే. ఆ కథను పొగడ్తగా చెప్పడమూ తేలికే, తెగడ్తగా చెప్పడమూ తేలికే. ఆయన ఇచ్చినదాన్ని వాడి చూసి, ఇది ఎలా పనిచేస్తోంది, ఎవరి డబ్బుతో పనిచేస్తోంది అని అడిగితే మాత్రం ఆ రెండింటికీ సరిపడని లెక్క తేలుతుంది.

ముందు సేవ సంగతి. షెన్లీ డ్రైవ్ వైపున్న ద్వారం మీద, ఇది ప్రజలకు ఉచితం అనే మాట రాతిలో చెక్కి ఉంటుంది. వాడుకునేవారి వైపు నుంచి చూస్తే అందులో అతిశయోక్తి ఏమీ లేదు. లోపలికి వెళ్లి కూర్చుని చదువుకోవడానికి కార్డు కూడా అక్కర్లేదు. పిట్స్‌బర్గ్ ఉన్న ఆలెగేనీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నివాసమున్నట్టు రుజువు చూపిస్తే కార్డు ఖర్చు లేకుండా చేతికొస్తుంది. ఆ ఒక్క కార్డుతో నగరంలోని శాఖల్లోనే కాక కౌంటీలోని ఇతర ఊళ్ల గ్రంథాలయాల్లోనూ పుస్తకాలు తీసుకోవచ్చు, ఒక చోట తీసుకున్నదాన్ని మరో చోట తిరిగి ఇవ్వవచ్చు, ఎక్కడో ఉన్న ప్రతిని మన ఇంటికి దగ్గర్లోని శాఖకు తెప్పించుకోవచ్చు. గడువు దాటిన పుస్తకానికి రోజుకింత అని వేసే జరిమానాను ఎత్తివేశారు, కాకపోతే పుస్తకం పోగొట్టుకుంటే దాని ఖరీదు కట్టుకోవలసిందే. ఇ-పుస్తకాలు, ఆడియో పుస్తకాలు లిబ్బీ యాప్‌లో దొరుకుతాయి. కొత్తగా వచ్చిన, గిరాకీ ఉన్న పుస్తకం కోసం అక్కడ వారాల తరబడి వరుసలో ఉండవలసి రావచ్చు. ఇ-ప్రతుల విషయంలో ప్రచురణకర్తలు పెట్టే లైసెన్సు నిబంధనల వల్ల అమెరికాలో ఏ గ్రంథాలయంలోనైనా ఇదే పరిస్థితి.

కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఈ సంస్థ విలువ పుస్తకాలతో ఆగదు. వీసా నిబంధనల వల్ల ఉద్యోగం చేసే వీలులేక, కారు నడపడం ఇంకా రాక, పసిపిల్లతో నాలుగు గోడల మధ్య చలికాలం గడిపే తల్లికి పిల్లల స్టోరీ టైమ్ ఎంత పెద్ద ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది. పాటలు, వేళ్లతో ఆడించే ఆటలు, పెద్ద బొమ్మల పుస్తకాన్ని అందరికీ కనపడేలా పట్టుకుని నెమ్మదిగా చదివే లైబ్రేరియన్, చుట్టూ పాకే పిల్లలు, వారి వెనకాలే తమలాగే కొత్తగా వచ్చిన నాలుగు దేశాల తల్లులు అక్కడ ఉంటారు. టికెట్టు లేదు, ఎవరి పరిచయమూ అవసరం లేదు. పిల్లల విషయంలో ఈ గ్రంథాలయానికి ఉన్న పేరు నిన్న మొన్నటిది కాదు. 1898లో తెరిచిన లారెన్స్‌విల్ శాఖలోనే పిల్లలకు ప్రత్యేకంగా గది కట్టారు, 1901 నాటికి పిల్లల గ్రంథపాలకులకు శిక్షణ ఇచ్చే పాఠశాలను కూడా ఇక్కడ నడిపారు. పిల్లలు అల్లరి చేస్తారు, పుస్తకాలు పాడు చేస్తారు అని వారిని గుమ్మం దగ్గరే ఆపే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఓక్లండ్ భవనంలో గ్రంథాలయం ఒక్కటే లేదు. కళా ప్రదర్శనశాల, ప్రకృతి విజ్ఞాన ప్రదర్శనశాల, సంగీత మందిరం ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. గ్రంథాలయానికి తప్ప మిగిలిన ప్రదర్శనశాలలకు టికెట్టు కొనాలి. అయితే అరల మధ్య ఒకచోట కిటికీ అద్దంలోంచి పక్కనున్న డైనోసార్ల హాలు కనిపిస్తుంది. పిల్లలను వెంట తీసుకెళ్లినవారు పుస్తకం వెతుక్కోవాలంటే వారిని ఆ కిటికీ దగ్గర నిలబెట్టడం మంచి ఉపాయం. 1899లో వయోమింగ్‌లో కార్నెగీ డబ్బుతో తవ్వి తీసిన డిప్లోడోకస్ అస్థిపంజరం ఆ హాల్లోనే ఉంది. దాని శాస్త్రీయ నామంలో కార్నెగీ పేరు చేరింది. దాని అచ్చును 1905లో లండన్‌కు, ఆ తరువాత మరికొన్ని దేశాల రాజధానులకు ఆయన కానుకగా పంపాడు. పేరంటే ఆయనకు ఇష్టం లేదని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు.

మెచ్చుకోవలసినవి చెప్పినప్పుడు మచ్చ కూడా చెప్పాలి. అరుదైన పుస్తకాలు భద్రపరిచే ఆలివర్ గది నుంచి రెండు దశాబ్దాలకు పైగా పుస్తకాలు, పటాలు, చిత్రపుటలు దొంగతనంగా బయటికి పోయాయని 2017లో జరిపిన తనిఖీలో బయటపడింది. వాటి విలువను 80 లక్షల డాలర్లకు పైగా అంచనా వేశారు. ఆ గదిని చూసుకోవలసిన ఉద్యోగి, పాత పుస్తకాల వ్యాపారి ఒకరు కలిసి చేసిన పని ఇది. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు, 2020లో శిక్ష పడింది. రోజువారీ పాఠకుడికి దీనివల్ల నేరుగా తగ్గినదేమీ లేదు గానీ, ప్రజల సొత్తును ఒక మనిషి నమ్మకం మీద వదిలేసి ఏళ్ల తరబడి లెక్క చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అవసరం లేదు.

ఈ సేవ ఇలా ఉండటానికి మూలం ఒక నేతకారుడి కుటుంబంలో ఉంది. కార్నెగీ 1835 నవంబరు 25న స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టాడు. కింద మగ్గం, పైన ఒకే గదిలో కాపురం. తండ్రి విలియం దమాస్క్ అనే పూల నేత గుడ్డలు నేసేవాడు. ఆవిరితో నడిచే మరమగ్గాలు రావడంతో చేతిమగ్గానికి పని తగ్గింది, మగ్గాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. చివరికి తెలిసినవారి దగ్గర 20 పౌండ్లు అప్పు తెచ్చి ప్రయాణపు ఖర్చులు పూడ్చుకుని, 1848లో తల్లిదండ్రులు, ఇద్దరు కొడుకులు ఓడ ఎక్కారు. పిట్స్‌బర్గ్‌కు నది అవతల, అప్పట్లో విడి ఊరుగా ఉన్న ఆలెగేనీలో బంధువుల దగ్గరికి చేరారు. తండ్రి కొన్నాళ్లు నూలు మిల్లులో పనిచేశాడు, అది ఇమడక మళ్లీ చేతిమగ్గం మీద టేబుల్ గుడ్డలు నేసి ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నాడు. తల్లి మార్గరెట్ ఇంటి పనులు ముగించుకుని రాత్రిళ్లు చెప్పులు కుట్టే దుకాణదారుకు జోళ్ల అంచులు కుట్టిపెట్టేది. కొడుకు మిల్లులో కండెలు అందించే పనికి కుదిరాడు. వారానికి ఒక డాలరు ఇరవై సెంట్ల కూలి. వలస కుటుంబాల్లో తరచుగా కనిపించేదే ఇక్కడా జరిగింది: తండ్రి చేతిలోని విద్యకు కొత్త దేశంలో విలువ దొరకలేదు, ఇంటి బరువు తల్లి మీద, పెద్దకొడుకు మీద పడింది.

అక్కడి నుంచి తంతి కార్యాలయంలో సందేశాలు చేరవేసే ఉద్యోగం దొరికింది, వారానికి రెండున్నర డాలర్లు. ఆ రోజుల్లోనే కల్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే ఆయన తన ఇంటిలోని సుమారు 400 పుస్తకాలను పనిచేసే కుర్రాళ్ల కోసం తెరిచాడు. శనివారం వెళ్లి ఒక పుస్తకం తెచ్చుకుని, మరుసటి శనివారం ఇచ్చి మరొకటి తెచ్చుకోవచ్చు. తరువాత ఆ గ్రంథాలయాన్ని నడిపించినవారు, చేతిపని నేర్చుకునే అప్రెంటిస్‌లకు మాత్రమే ఉచితమని, మిగిలిన కుర్రాళ్లు ఏడాదికి 2 డాలర్లు కట్టాలని అన్నారు. తంతి సందేశాలు మోసేవాడు అప్రెంటిస్ కాదు గనక డబ్బు కట్టమన్నారు. ఆ కుర్రాడు ఊరుకోలేదు. ఆండర్సన్ ఉద్దేశం అది కాదని వాదిస్తూ స్థానిక దినపత్రికకు లేఖ రాశాడు, అది అచ్చయింది, వాదోపవాదాలు జరిగాయి, చివరికి రుసుము లేకుండానే లోపలికి రానిచ్చారు. కార్నెగీ తన జీవితం గురించి చెప్పుకున్నవాటిలో చాలావరకు తనకు అనుకూలంగా మలుచుకున్నవే అయినా, ఈ ఒక్క ఘట్టం మీద నాకు పెద్దగా అనుమానం లేదు. ఎందుకంటే ఆ తరువాత డబ్బు చేతికొచ్చినప్పుడు ఆయన చేసిన పనిలో దీని ఆనవాలు స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరు చదవడానికి అర్హులో తేల్చే మనిషి గుమ్మం దగ్గర ఉండకూడదన్నది ఆయన గ్రంథాలయాల మొదటి లక్షణం.

ఆండర్సన్ జ్ఞాపకార్థం 1904లో ఆలెగేనీ గ్రంథాలయం దగ్గర ఆయన ఒక స్మారకం కట్టించాడు. డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ చెక్కిన శిల్పం అది. ఒంటి మీద చొక్కా లేని కమ్మరి దాగలి మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం తెరుచుకుని, తల వంచి చదువుకుంటూ ఉంటాడు. కండలు తిరిగిన చేతులు పుటల మీద ఆగి ఉంటాయి. పని మధ్యలో దొరికిన కాస్త విరామం అది అని శిల్పి చెప్పకనే చెప్పాడు. ఆ భవనంలో ఇప్పుడు గ్రంథాలయం లేదు. 2006లో పిడుగు పడి దెబ్బతిన్న తరువాత శాఖను దగ్గర్లోనే కట్టిన కొత్త భవనంలోకి మార్చారు, పాతదాన్ని పిల్లల మ్యూజియం వాళ్లు తీసుకున్నారు. శిల్పం మాత్రం అక్కడే ఉంది. ఓక్లండ్ భవనం చుట్టూ కూర్చున్న షేక్‌స్పియర్, బాక్, గెలీలియో, మైకెలాంజెలో విగ్రహాల కంటే నాకు ఇదే నచ్చింది.

వ్యాపారం సంగతి క్లుప్తంగా చాలు. 1853లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అనే రైలు కంపెనీలో థామస్ స్కాట్ అనే అధికారి దగ్గర నెలకు 35 డాలర్ల ఉద్యోగం, ఆయన చలవతో షేర్లలో పెట్టుబడులు, అంతర్యుద్ధం ముగిశాక ఇనుప వంతెనలు, 1875లో బ్రాడక్‌లో ఎడ్గర్ థామ్సన్ ఉక్కు కర్మాగారం, 1883లో హోమ్‌స్టెడ్ కర్మాగారం కొనుగోలు. ఖర్చును అణాపైసల వరకు లెక్కగట్టి తగ్గించడం, మాంద్యంలో అందరూ వెనక్కి తగ్గినప్పుడు కొత్త యంత్రాలు పెట్టడం ఆయన పద్ధతి. 1889లో సంపద మీద రాసిన వ్యాసంలో, ధనవంతుడు మిగులు సొమ్మును బతికుండగానే సమాజం కోసం ఖర్చు చేయాలని, అలా చేయకుండా ఆస్తితోనే చనిపోవడం అవమానకరమని వాదించాడు. బిచ్చం వేయడాన్ని ఆయన ఒప్పుకోలేదు. పైకి రావాలనుకునేవాడికి నిచ్చెన అందించాలి తప్ప ఎత్తుకుని పైకి ఎక్కించకూడదన్నది ఆయన వాదన.

ఆ వాదన ఆచరణలో తీసుకున్న రూపమే ఈ సేవలో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచింది. 1881లో ఆయన పిట్స్‌బర్గ్ నగరానికి గ్రంథాలయం కోసం రెండున్నర లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. నగరం తీసుకోలేదు. షరతు ఏమిటంటే నిర్వహణ ఖర్చును నగరమే ఏటా భరించాలి. ప్రజల పన్నును గ్రంథాలయానికి ఖర్చు చేసే అధికారం తమకు ఉందో లేదో అని నగర పాలకులు సందేహించారు. పక్కనున్న ఆలెగేనీ ఒప్పుకుంది, 1890లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ వచ్చి అక్కడి గ్రంథాలయాన్ని ప్రారంభించాడు. పిట్స్‌బర్గ్ మనసు మార్చుకునేసరికి కార్నెగీ మొత్తాన్ని పది లక్షల డాలర్లకు పెంచి, ప్రధాన గ్రంథాలయంతోపాటు పేటల్లో శాఖలు కూడా కట్టాలన్నాడు.

ఈ షరతే తరువాత దేశమంతటికీ సూత్రమైంది. స్థలం ఊరు ఇవ్వాలి, భవనానికి కార్నెగీ ఇస్తాడు, ఇచ్చిన మొత్తంలో పదో వంతు సొమ్మును ఊరు ప్రతి ఏటా పన్ను నుంచి నిర్వహణకు కేటాయించాలి. అంటే పదివేల డాలర్ల భవనం అడిగిన ఊరు ఏటా వెయ్యి డాలర్లు ఇస్తామని రాసివ్వాలి. దరఖాస్తులన్నీ చూసే బాధ్యత ఆయన కార్యదర్శి జేమ్స్ బెర్‌ట్రమ్‌ది. గోపురాలు, స్తంభాలు, అవసరం లేని హంగులు గీసి పంపిన ప్లాన్లను ఆయన నిర్దాక్షిణ్యంగా తిప్పి పంపేవాడు, 1911లో ఏ గది ఎంత ఉండాలో చెప్పే సూచనలు కూడా అచ్చు వేయించాడు. ఇలా ప్రపంచంలో 2,509 గ్రంథాలయ భవనాలు లేచాయి, అందులో దాదాపు 1,680 అమెరికాలోనివే. మొట్టమొదటిది ఆయన పుట్టిన ఊరు డన్‌ఫర్మ్‌లిన్‌లో 1883లో తెరిచారు.

దాత ఒక్కసారి ఇచ్చి వెళ్లిపోతే ఆ భవనం ఆయన పేరు మోసే ఒక కట్టడంగా మిగిలేది. ఏటా పన్ను కట్టవలసి రావడం వల్ల అది ఊరి సొత్తయింది. తమ డబ్బుతో నడిచేదాన్ని గురించి ప్రశ్నించే హక్కు కూడా జనానికి వచ్చింది. 2009లో నిధులు చాలక కొన్ని శాఖలను మూసివేయాలని పిట్స్‌బర్గ్ గ్రంథాలయం ప్రకటించినప్పుడు ఊరు ఊరుకోలేదు. 2011 నవంబరులో జరిగిన ఓటింగులో, లక్ష డాలర్ల విలువైన ఇంటికి ఏటా 25 డాలర్ల చొప్పున ఆస్తి పన్ను అదనంగా కట్టడానికి దాదాపు నూటికి 72 మంది ఒప్పుకున్నారు. పన్ను పెంచండి అని జనం తామై ఓటు వేయడం ఏ దేశంలోనైనా అరుదు. దీనికి తోడు కౌంటీలో వస్తువుల కొనుగోలు మీద రాష్ట్ర పన్నుకు అదనంగా ఒక శాతం వసూలవుతుంది, అందులో సగం ప్రాంతీయ ఆస్తుల మండలి ద్వారా గ్రంథాలయాలు, పార్కుల వంటివాటికి వెళుతుంది. పిట్స్‌బర్గ్‌లో ఫర్నిచరు కొన్నప్పుడు రసీదులో కనిపించే 7 శాతంలో ఆ చివరి ఒక శాతం కథ ఇది. ఈ సేవ నడుస్తున్నది కార్నెగీ డబ్బుతో కాదు, అక్కడ ఇల్లున్నవాడి డబ్బుతో, అక్కడ సోఫా కొన్నవాడి డబ్బుతో. ఆయన చేసిన అసలు మేలు ఆ అలవాటును ఊరికి అంటించడమే.

సూత్రంలో లోపాలు లేకపోలేదు. ఆయన భవనం ఇచ్చాడు గానీ పుస్తకాలు ఇవ్వలేదు, వాటిని సమకూర్చుకోవడం ఊరి బాధ్యత. చిన్న ఊళ్లలో అందమైన భవనం, అరకొర అరలు, శిక్షణ లేని గ్రంథపాలకుడు అన్న పరిస్థితి ఏర్పడింది. 1916లో ఆయన సంస్థ కోసం ఆల్విన్ జాన్సన్ అనే ఆర్థికవేత్త ఊరూరా తిరిగి తయారు చేసిన నివేదిక కూడా లోటు భవనాల్లో కంటే మనుషుల్లోనే ఎక్కువగా ఉందని తేల్చింది. 1917లో కొత్త భవనాలకు గ్రాంట్లు ఆపేశారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివారిని లోపలికి రానివ్వని గ్రంథాలయాలకు కూడా ఆ డబ్బు వెళ్లింది. గుమ్మం దగ్గర 2 డాలర్లు అడిగినందుకు పత్రికకెక్కినవాడు ఈ విషయంలో ఊళ్ల ఇష్టానికే వదిలేశాడు.

ఇక హోమ్‌స్టెడ్. ఓక్లండ్ నుంచి కారులో కాసేపటి దూరంలో, మొనాంగహీలా నది అవతలి ఒడ్డున ఉన్న ఈ చోటు చూడకుండా ప్రధాన గ్రంథాలయం మీద అభిప్రాయం ఏర్పరచుకోవడం సరికాదన్నది నా మాట. 1892లో ఇక్కడి కర్మాగారంలో యూనియన్‌తో కూలి ఒప్పందం జూన్ 30తో ముగిసింది. కార్నెగీ అప్పటికే స్కాట్లండ్ వెళ్లిపోయాడు. వ్యవహారమంతా తన కంపెనీని నడిపే హెన్రీ క్లే ఫ్రిక్ చేతిలో పెట్టాడు, ఫ్రిక్ కఠినంగా వ్యవహరిస్తాడని తెలిసే పెట్టాడు. ఫ్రిక్ కర్మాగారం చుట్టూ ఎత్తయిన కంచె కట్టించి, కార్మికులను లోపలికి రానివ్వకుండా లాకౌట్ చేసి, జూలై 6 తెల్లవారుజామున పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థకు చెందిన 300 మంది కాపలాదారులను రెండు పడవల్లో నది మీదుగా దించబోయాడు. ఒడ్డున కార్మికులు, వారి ఇళ్లవాళ్లు అడ్డుకున్నారు. పగలంతా కాల్పులు జరిగాయి, రెండు వైపులా కలిపి కనీసం పదిమంది చనిపోయారు. తరువాత రాష్ట్ర సైన్యం దిగింది, నవంబరుకల్లా సమ్మె విరిగిపోయింది, పిట్స్‌బర్గ్ ఉక్కు పరిశ్రమలో యూనియన్ మళ్లీ తల ఎత్తడానికి 1930ల వరకు పట్టింది. ఈ ఘర్షణకు ఆరేళ్ల ముందు, అంటే 1886లో, కార్మికులకు యూనియన్ పెట్టుకునే హక్కు ఉందని, సమ్మె చేసేవారి స్థానంలో కొత్తవారిని తేవడం తప్పని పత్రికలో రాసింది ఈ కార్నెగీయే.

ఘర్షణ జరిగిన ఆరేళ్లకు, 1898లో, అదే ఊరి మీది గట్టున హోమ్‌స్టెడ్ కార్నెగీ గ్రంథాలయం తెరిచారు. భవనం చూస్తే కళ్లు చెదురుతాయి. ఒక పక్క సంగీత మందిరం, మరో పక్క వ్యాయామశాల, ఈత కొలను, మధ్యలో పుస్తకాలు. ఇవన్నీ ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. పిట్స్‌బర్గ్‌లో లాగా దీన్ని పన్ను మీద ఆధారపడేలా కట్టలేదు. కార్నెగీ స్వయంగా శాశ్వత నిధి ఏర్పాటు చేశాడు. కర్మాగారం తనది, ఊరు తనది, కాబట్టి గ్రంథాలయమూ తనదే అన్న ధోరణి అందులో కనిపిస్తుంది. కింద కర్మాగారంలో రోజుకు పన్నెండు గంటల షిఫ్టు, పగటి షిఫ్టు రాత్రికి మారే ఆదివారం ఏకబిగిన ఇరవై నాలుగు గంటలు. కొలిమి ముందు అంతసేపు నిలబడి వచ్చిన మనిషి గట్టెక్కి వచ్చి పుస్తకం తెరిచి కూర్చోవడం ఎంతవరకు సాధ్యమో ఆలోచించవలసిందే. ఈ మాట అప్పటి కార్మికులే అన్నారు. గ్రంథాలయం కంటే పని గంటలు తగ్గించడమో కూలి పెంచడమో చేస్తే తమ పుస్తకాలు తామే కొనుక్కోగలమన్నది వారి వాదన. కార్నెగీ లెక్క వేరు: కూలి పెంచితే అది తిండికీ తాగుడుకీ చిల్లరగా ఖర్చయిపోతుందని, ఒక చోట కూడబెట్టి ఇస్తే తరాలకు పనికొస్తుందని ఆయన నమ్మాడు, రాశాడు కూడా. ఒకరి కూలిని ఎలా ఖర్చు చేయాలో వారికంటే తనకు బాగా తెలుసునన్న ఈ నమ్మకం నాకు మింగుడుపడదు, ఆ గ్రంథాలయంలో ఎంతసేపు హాయిగా కూర్చున్నా సరే.

అలా మింగుడుపడనివారు అప్పుడూ ఉన్నారు. కార్నెగీ డబ్బు వద్దన్న ఊళ్లు అమెరికాలో 200కు పైనే. కారణాలు అన్ని చోట్లా ఒకటి కావు, ఏటా పన్ను కట్టలేక కాదన్నవే ఎక్కువ. వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో మాత్రం కార్మిక సంఘాలు హోమ్‌స్టెడ్‌ను గుర్తుచేసి ప్రచారం చేశాయి, 1904లో ఓటింగులో ప్రతిపాదన ఓడిపోయింది. ఆ ఊరు తరువాత తన డబ్బుతో తానే గ్రంథాలయం కట్టుకుంది. బ్రాడక్‌లో 1889లో తెరిచిన గ్రంథాలయం అమెరికాలో కార్నెగీ కట్టించినవాటిలో మొదటిది. ఉక్కు పరిశ్రమ క్షీణించాక 1970లలో అది మూతపడి, కూల్చివేత అంచు దాకా వెళ్లి, స్థానికుల పట్టుదలతో మళ్లీ నిలబడింది. కర్మాగారం నీడలో పుట్టిన సంస్థకు కర్మాగారం పోతే దిక్కెవరన్న ప్రశ్నకు బ్రాడక్ జవాబు ఒకటి, పిట్స్‌బర్గ్ జవాబు మరొకటి.

1901లో కార్నెగీ తన కంపెనీని బ్యాంకు వ్యాపారి జె.పి. మోర్గాన్ బృందానికి 48 కోట్ల డాలర్లకు అమ్మేశాడు, అందులో ఆయన వాటాకు 22 కోట్లకు పైగా వచ్చింది. 1919 ఆగస్టు 11న మరణించేనాటికి జీవితకాలంలో ఇచ్చినది సుమారు 35 కోట్ల డాలర్లు. గ్రంథాలయ భవనాలు ఇందులో చిన్న భాగమే. పిట్స్‌బర్గ్‌లో ఆయన 1900లో ఇచ్చిన సొమ్ముతో మొదలైన సాంకేతిక పాఠశాలలే ఇప్పుడు మన పిల్లలు కంప్యూటర్ సైన్సులో సీటు కోసం తపించే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. 1911లో పన్నెండున్నర కోట్ల డాలర్లతో పెట్టిన కార్నెగీ కార్పొరేషన్ ఇంకా గ్రాంట్లు ఇస్తూనే ఉంది. వీటిని సమీక్షించడం మరో పని.

వెళ్లాలనుకునేవారికి కొన్ని సూచనలు. ఓక్లండ్‌లో విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు ఒకదాని పక్కన ఒకటి ఉండటంతో కారు నిలపడానికి చోటు దొరకడం కష్టం. డౌన్‌టౌన్ నుంచి బస్సులో రావడం మేలు, స్టాపు దగ్గర్లోనే ఉంటుంది. కొత్తగా ఊరికి వచ్చినవారు అద్దె ఒప్పందం కాగితమో కరెంటు బిల్లో వెంట తెచ్చుకుంటే మొదటి రోజే కార్డు తీసుకోవచ్చు. చదువుకోవడానికి నిశ్శబ్దం కావలసినవారు పిల్లల కార్యక్రమాలు జరిగే వేళలు ముందే చూసుకోవాలి. పరిశోధకులకు పిట్స్‌బర్గ్ చరిత్రకు సంబంధించిన పాత పత్రికలు, పటాలు ఇక్కడ దొరుకుతాయి, ఏది ఏ అంతస్తులో ఉందో మీరే వెతకడం కంటే లైబ్రేరియన్‌ను అడగడం మంచిది, అడిగించుకోవడమే వారి పని. హోమ్‌స్టెడ్‌లో సంగీత మందిరం లోపల చూడాలనుకుంటే కచేరీ ఉన్న రోజు చూసుకుని టికెట్టు కొనుక్కోవాలి. అక్కడికి వెళ్లినప్పుడు నది ఒడ్డుకు కూడా దిగండి. 1986లో మూతపడిన కర్మాగారం స్థలంలో ఇప్పుడు షాపింగ్ సముదాయం ఉంది, పన్నెండు ఇటుక పొగగొట్టాలను మాత్రం వరుసగా అలాగే నిలిపారు. 1892 జూలైలో పడవలు ఆగిన చోట ఉన్న పంప్‌హౌస్ కూడా ఉంది, దాని దగ్గర జరిగినదాన్ని వివరించే ఫలకాన్ని చదివాక గ్రంథాలయానికి గట్టెక్కడం సరైన వరుస.